డెయిరీలో నెల జీతమా, పొలంలో రోజు కూలీనా?

డెయిరీలో గది, కరెంటు, చెంబెడు పాలు ఇస్తారు నిజమే, కానీ గేదెలకు ఆదివారం ఉండదు కదా, తెల్లవారుజామున మూడింటికే లేచి పేడ ఎత్తి, కడిగి, పాలు పిండి, మధ్యాహ్నం మళ్లీ అదంతా చేసి, రాత్రి ఏదైనా ఈనితే నిద్ర కూడా మానుకోవాలి. ఆ గంటలన్నీ లెక్కేసి జీతాన్ని భాగించి చూడండి.

రోజు కూలీకి ఎండాకాలం ఖాళీయే. ఆడవాళ్లకు తక్కువివ్వడమూ పోలేదు, 1976 నుంచి చట్టం వద్దంటున్నా. అయినా నాట్లప్పుడు, మిరప కోతలప్పుడు ముఠా అంతా కలిసి రేటు అడుగుతుంది, రైతు ఆటో కూడా పంపుతాడు.

కనీస వేతనాన్ని ఐదేళ్లలోపు సవరించాలని 1948 చట్టమే చెప్పింది. కానీ డెయిరీలో ఒంటరిగా ఉన్నవాడు జీతం పెంచమని అడిగితే గది కూడా పోతుందని టెన్షన్. వారానికో సెలవు, ఓటీ (అదనపు గంటలకు డబ్బు) కాగితం మీద రాసివ్వకపోతే నేనైతే కూలీకే వెళ్లమంటాను.