రెండర్ ఆగిపోతుంటే బాలాజీ కాలనీలో ఈ షాపుకు వెళ్లండి
బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెడితే (అంటే సీను నుంచి చివరి బొమ్మ తీయిస్తే) సగంలో క్రాష్ అవుతోంది. లీలామహల్ సెంటర్ దగ్గర ఒకాయన సరిగా చూడకుండానే గ్రాఫిక్స్ కార్డు పోయింది, కొత్తది కొనమన్నాడు. తిరుపతి బాలాజీ కాలనీలో మేడ మీదున్న ఈ చిన్న షాపు అన్న మాత్రం ముందు కార్డు వేడి చూశాడు, అది బాగానే ఉంది, తర్వాత నా సీను తెరిచి "వస్తువుల మీద అతికించే బొమ్మ, అదే టెక్స్చర్, ఒక్కో 4కేది కార్డు మెమరీలో 64 ఎంబీ తింటుంది, నువ్వు 130 పెట్టినావు, 8 జీబీ కార్డు ఏం చేస్తుంది?" అన్నాడు. దూరంగా కనపడేవాటి టెక్స్చర్లన్నీ చిన్న సైజుకి, 1కేకి తగ్గించగానే రెండర్ నడిచింది! కంపోజిటింగ్‌లో (బొమ్మల పొరలు కలిపేటప్పుడు) అంచుల వెంట నల్లగీత వస్తోందంటే, అన్‌ప్రీమల్ట్ చేసి (రంగును పారదర్శకతతో గుణించి ఉన్నదాన్ని విడదీసి) కలర్ సరిచేసి మళ్లీ ప్రీమల్ట్ చెయ్యమన్నాడు (అంటే మళ్లీ గుణించమన్నాడు). వీడియో ఫైలుగా కాకుండా ఈఎక్స్ఆర్ ఫ్రేములుగా (ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మ ఫైలుగా) తియ్యి, మధ్యలో ఆగినా అంతవరకూ అయినవి మిగుల్తాయని కూడా చెప్పాడు. కాకపోతే గంటన్నర నిలబెట్టాడు, ఉన్నది ఒకటే స్టూలు.