కప్పు ఫైనల్‌కు కోల్‌కతా వెళ్ళాలా, భువనేశ్వరా: సిక్కోలు, విజయనగరం నుంచి బయల్దేరేవాళ్ళకు

ఫుట్‌బాల్ నాకౌట్ ఫైనల్‌కు వెళ్ళేవాళ్ళు అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది తిరుగు టికెట్ సంగతి. లీగ్ మ్యాచ్ అయితే డ్రా అయినా రెండు గంటల్లో లేచి వచ్చేయొచ్చు. ఫైనల్ మాత్రం ఎవరో ఒకరు కప్పు ఎత్తేదాకా అవదు. అదీ ఒక్కో టోర్నీలో ఒక్కో పద్ధతి. కోల్‌కతాలో ఫైనల్ జరిగే డ్యూరాండ్ కప్‌లో 90 నిమిషాలకు స్కోరు సమమైతే నేరుగా పెనాల్టీలే. 2024 ఆగస్టు 31న మోహన్ బగాన్, నార్త్‌ఈస్ట్ యునైటెడ్ మ్యాచ్ 2–2 దగ్గర ఆగి, పెనాల్టీల్లో 4–3తో నార్త్‌ఈస్ట్ వైపు తిరిగింది. ఎక్కువగా భువనేశ్వర్‌లో జరిగే సూపర్ కప్ ఫైనల్లో అయితే మధ్యలో అరగంట అదనపు సమయం ఉంటుంది. అదే ఏడాది జనవరి 28న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఒడిశా ఎఫ్‌సీని ఈస్ట్ బెంగాల్ 3–2తో ఓడించిన గోల్ పడింది 111వ నిమిషంలో.

ఇక లెక్క చూడండి. రెండు సగాలు, మధ్యలో పావుగంట విరామం, ఆగిన సమయానికి మరో పది నిమిషాలు, అన్నీ కలిపి గంటా యాభై ఐదు. అదనపు సమయం ఉంటే విరామాలతో సహా నలభై. పెనాల్టీలకు ఇరవై, బహుమతులకు అరగంట. కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియం జనంలోంచి రోడ్డు మీదికి రావడానికి ముప్పావుగంట. సాయంత్రం 5.30కి మొదలైన డ్యూరాండ్ ఫైనల్ నుంచి బయటపడేసరికి తొమ్మిది అవుతుంది. రాత్రి 7.30కి మొదలయ్యే సూపర్ కప్ ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్తే పదకొండు దాటుతుంది. కాబట్టి ఆ రాత్రి బండికి టికెట్ తీసుకోకండి. తీసుకున్నవాళ్ళు ఆటలో అసలైన ఘట్టానికే లేచిపోవాల్సి వస్తుంది.

మనకు దగ్గర భువనేశ్వర్. తెల్లవారుజామున హౌరా వెళ్ళే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి ముందే దిగొచ్చు. వందేభారత్ వేగంగా వెళ్తుంది గానీ అది విశాఖలో మధ్యాహ్నం దాటాక బయల్దేరి రాత్రికి చేరుస్తుంది, మ్యాచ్ రోజున పనికిరాదు. తిరుగు ప్రయాణానికి మాత్రం అదే మేలు. తెల్లవారుజామున భువనేశ్వర్‌లో ఎక్కితే పొద్దెక్కేలోపే శ్రీకాకుళం రోడ్, ఆ తర్వాత విజయనగరం. వారంలో ఒకరోజు నడవదు, చూసుకోవాలి. బసను దీన్నిబట్టే ఎంచుకోవాలి. జయదేవ్ విహార్ హోటళ్ళు స్టేడియానికి దగ్గర, గదులు బాగుంటాయి, ధరా ఎక్కువే. మాస్టర్ క్యాంటీన్ అనే ప్రాంతం చుట్టుపక్కల లాడ్జిలు సాదాసీదాగా ఉంటాయి గానీ స్టేషన్‌కు నడిచి వెళ్ళొచ్చు. అర్ధరాత్రి గదికి చేరి తెల్లవారకముందే లేవాల్సినవాళ్ళకు మా ఓటు మాస్టర్ క్యాంటీన్‌కే.

ఒక్క జాగ్రత్త. సూపర్ కప్ వేదిక మారుతూ ఉంటుంది. 2018, 2019, 2024, 2025 మే ఫైనల్స్ భువనేశ్వర్‌లో జరిగితే 2023 ఫైనల్ కోళిక్కోడ్‌లో జరిగింది. 1888లో పుట్టిన డ్యూరాండ్ ఫైనల్ మాత్రం 2019 నుంచి కోల్‌కతా సాల్ట్ లేక్‌లోనే జరుగుతోంది.

కోల్‌కతాకు ఒకరోజు ముందే చేరాలి. ఫలక్‌నుమా హౌరా చేరేసరికి సాయంత్రం అవుతుంది, మ్యాచ్ రోజున అది అందదు. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ హౌరాకు కాదు, షాలిమార్‌కు వెళ్తుంది. మెట్రో ఉన్నది హౌరాలో గనుక అక్కడ దిగడమే సుఖం. హౌరా టికెట్లు దొరకకపోతే ఖరగ్‌పూర్ దాకా తీసుకుని, అక్కణ్ణుంచి లోకల్ ఎక్కొచ్చు. ఆ ఊళ్ళో మన రైల్వే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, దారి అడగడానికి ఇబ్బంది లేదు.

2025 ఆగస్టు 22న కోల్‌కతా మెట్రో గ్రీన్ లైన్ పూర్తిగా కలిశాక ఈ యాత్ర చాలా తేలికైంది. హౌరా స్టేషన్లో మెట్రో ఎక్కి, హుగ్లీ నది కిందుగా వెళ్ళి, సాల్ట్ లేక్ స్టేడియం స్టేషన్లో దిగడమే. మధ్యలో బండి మారక్కర్లేదు. అందుకే బసకు సియాల్దా మేలంటాం, స్టేడియానికీ హౌరాకీ అదే లైను. తిండి, షాపింగ్ ముఖ్యమైతే ఎస్ప్లనేడ్. వెళ్ళేటప్పుడే స్మార్ట్ కార్డు తీసుకోండి. మ్యాచ్ అవగానే కౌంటర్ దగ్గర క్యూ మెట్లు దాటుతుంది. చివరి బండి టైము కూడా ముందే చూసుకోవాలి.

రెండు మైదానాల్లోనూ గడ్డి చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉంది. ముందు వరుసలో కూర్చుంటే బాగా కనిపిస్తుందనుకుంటే పొరపాటే. కంటి ఎత్తు తక్కువ, దూరం ఎక్కువ. అవతలి గోల్ దగ్గర బంతి గీత దాటిందో లేదో తెలియదు, ఆటగాళ్ళంతా ఒకే వరుసలో నిలబడినట్టు ఉంటారు. పైఅంతస్తులో, మధ్యగీతకు కాస్త పక్కగా కూర్చుంటే రక్షణ వరుస ముందుకు జరగడం, ఆ వెనక ఖాళీ ఏర్పడడం స్పష్టంగా తెలుస్తాయి. పెనాల్టీలు ఏ గోల్ వైపో నాణెం వేసి తేలుస్తారు గనుక దాని కోసం సీటు ఎంచుకోలేం. ఆగస్టు వానకు కింది వరుసల్లో జల్లు కొడుతుంది. గొడుగు లోపలికి రానివ్వరు, రెయిన్‌కోటు మడిచి జేబులో పెట్టుకోవాలి.

మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడే ఫైనల్ అయితే ఎలాగైనా కోల్‌కతాయే వెళ్ళండి. 2023 సెప్టెంబర్ 3న పదిమందితోనే ఆడుతూ పెట్రాటోస్ గోల్‌తో బగాన్ 1–0తో గెలిచిన ఫైనల్ అలాంటిదే. ఆకుపచ్చ, మెరూన్ బగాన్ రంగులు. ఎరుపు, పసుపు ఈస్ట్ బెంగాల్‌వి. ఏ బ్లాక్ ఎవరిదో తెలియకుండా ఆ రంగుల చొక్కా వేసుకోకూడదు, తెల్లచొక్కా శ్రేయస్కరం. ఆ రాత్రి గెలిచిన సంబరంలో బగాన్ వాళ్ళకు రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ వాళ్ళకు ఇలిష్, అంటే మన పులస జాతి చేప.

చిక్కంతా టికెట్ల దగ్గరే. ఫైనల్ ఎవరెవరికో మూడు నాలుగు రోజుల ముందుగానీ తేలదు. రైలు రిజర్వేషన్ మాత్రం 60 రోజుల ముందే మొదలవుతుంది. తేదీ ప్రకటించగానే స్లీపర్ తీసుకోవడం మంచిది, ముందుగా రద్దు చేసుకుంటే మనిషికి పోయేది 120 రూపాయలే. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే, ఖాయమైన టికెట్ రద్దు చేసినా పైసా రాదు. గది కూడా రద్దుకు వీలున్నదే తీసుకోవాలి. 2024 ఆగస్టులో డ్యూరాండ్‌లో బగాన్, ఈస్ట్ బెంగాల్ డెర్బీ మ్యాచే రద్దయి చెరో పాయింటు ఇచ్చారు. ఇక మ్యాచ్ టికెట్ సంగతి. ఆన్‌లైన్‌లో వచ్చింది టికెట్టో, కౌంటర్లో మార్చుకోవాల్సిన రసీదో చదివి చూసుకోండి. రసీదైతే ముందురోజే మార్చుకోవాలి, మ్యాచ్ రోజు ఆ క్యూలోనే మొదటి సగం అయిపోతుంది. నీళ్ళసీసా, పవర్‌బ్యాంక్, పెద్ద సంచి గదిలోనే వదిలేయండి.

మర్నాడు ఉదయం హౌరాలో ఫలక్‌నుమా ఎక్కితే చీకటిపడ్డాక ఆమదాలవలసలో, అంటే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగుతారు. అక్కణ్ణుంచి శ్రీకాకుళం ఇంకా 13 కిలోమీటర్లు, ఆటో బేరం ఎక్కకముందే ఆడుకోవాలి.