మోకాలికి డైక్లోఫెనాక్ జెల్: మందు మంచిదే, పూసే లెక్క తప్పుతోంది

ఊడ్పుల రోజుల్లో కోనసీమ మెడికల్ షాపుల్లో గట్టిగా అడిగే సరుకు డైక్లోఫెనాక్ జెల్. "పూసినంతసేపు చల్లగా ఉంటంది, నొప్పి మాత్రం అలాగే ఉంది" అన్న ఫిర్యాదూ దీనిమీదే ఎక్కువ. ఆ చల్లదనం కలిపిన మెంథాల్‌ది. నొప్పి తగ్గించేది 1 శాతం డైక్లోఫెనాక్. అట్టపెట్టె మీద 1.16 శాతం డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ అని ఉన్నా బలం అంతే.

ఇక మోతాదు. అరిగిన మోకాలికి పూటకు 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. ఆ లెక్కన 30 గ్రాముల ట్యూబు ఒక మోకాలికే రెండు రోజులు నిండా రాదు. శనగగింజంత తీసి రెండు మోకాళ్ళకూ సర్దితే గుణం ఎక్కడినుంచి వస్తుంది? వేళ్ళ కీళ్ళకైతే 2 గ్రాములు చాలు. వారం రోజులు క్రమం తప్పకుండా పూసి చూడాలి, వాడకం మూడు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి. పూశాక గంటసేపు తడి తగలకూడదు, కనుక చేలో దిగేముందు పూస్తే మందు బురదపాలే. జలగ కరిచిన చోట, పుండు మీద పూయొద్దు. పైన కట్టు కట్టొద్దు, కాపడం పెట్టొద్దు.

జెల్ పూస్తే ఒంట్లోకి చేరేది, బిళ్ళ మింగితే చేరేదానిలో సుమారు 6 శాతమే. కడుపుకీ కిడ్నీకీ బెడద తక్కువ ఉండేది అందుకే. జెల్ పూస్తూ అదే మందు బిళ్ళ కూడా మింగితే ఆ లాభం పోయినట్టే. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవాళ్ళు ఎండలో చెమటోడ్చి వచ్చి డైక్లోఫెనాక్ మింగితే దెబ్బ నేరుగా కిడ్నీల మీదే. ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చేవాళ్ళకు, అయిదో నెల దాటిన గర్భిణులకు జెల్ కూడా డాక్టరును అడిగాకే.

పారాసెటమాల్ కడుపును పాడుచేయదు గానీ, అరిగిన మోకాలికి దాని ఉపశమనం అంతంతమాత్రం. 650 మిల్లీగ్రాముల బిళ్ళలు పెద్దవాళ్ళకు రోజుకు ఆరు దాటకూడదు; మద్యం తాగేవాళ్ళకు, బక్కపలచని వాళ్ళకు అంతకంటే తక్కువ. మూడు మందులు కలిపిన నొప్పి బిళ్ళల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, అట్ట వెనక చదవండి. జ్వరంతో ఒళ్ళు నొప్పులైతే డెంగీ కాదని తేలేవరకు పారాసెటమాల్ ఒక్కటే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

నడుముకు, తుంటికి మాత్రం ఈ ట్యూబు కొనడం దండగ. అంత లోతుకు మందు దిగదు.