ముందు సీసా టెస్టా, కేసు షీట్లా?

అమలాపురం, భీమవరం వైపు ఏ నర్సింగ్ హోమ్‌లోనైనా సెలైన్ ఎక్కాక నలుగురికి చలిజ్వరం వచ్చి, బ్లడ్ కల్చర్లన్నిట్లో (రక్తంలోని క్రిమిని పెంచి చూసే టెస్టుల్లో) బర్ఖోల్డేరియా లాంటి నీళ్లలో బతికే క్రిమి ఒకటే కనపడిందనుకోండి, అందరూ సీసా ల్యాబ్‌కి పంపేద్దాం అంటారు. సీసాలో అదే క్రిమి దొరికితే గట్టి సాక్ష్యమే, కానీ వాడేసినవి ఆపాటికే చెత్తలో పోయుంటాయి, బ్యాచ్‌లో అన్నీ చెడవు కూడా, అంచేత నెగెటివ్ వస్తే మందు మంచిదని కాదు. 1970-71లో అమెరికాలో ఇలాగే సెలైన్ వల్ల జనం జబ్బు పడ్డప్పుడైతే క్రిమి దాక్కుంది సీసా మూత లైనర్‌లో, అంటే మూత లోపలి పొరలో!

షీట్లు పోల్చడం బోర్ పనే, జ్వరం వచ్చినోళ్లకి ఏ బ్యాచ్ ఎక్కింది, రానోళ్లకి ఏది, మందు ఎవరు కలిపారు అని, కానీ దారి చూపేది అదే. బ్యాచ్ నంబర్ రాయకపోతే (మనదగ్గర మామూలేగా) ఇదీ దండగే. నేనైతే అనుమానమున్న మందు వాడకం ఆపించి, మిగిలిన సీసాలు దాచి, షీట్లే ముందు తీస్తా.