గాడ్జిల్లా రికార్డులు వినడానికి బరంపురం వెళ్తే

ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా. అక్కడి నుంచి బరంపురం రైల్లో ఎంతోసేపు పట్టదు. హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీదున్న స్టేషన్ కాబట్టి బళ్లకు కొదవ లేదు. పెద్ద బజారులో పట్టుచీరల బేరం దగ్గర్నుంచి ఆటో కిరాయి దాకా తెలుగులోనే నడిచిపోతుంది. మా అక్కావాళ్లు ఉండేది అక్కడే. బావగారు ఏళ్లుగా గాడ్జిల్లా అనే రాకాసి మీద వచ్చిన జపాను సినిమాల సంగీతాన్ని పోగుచేస్తున్నారు. ఈ మధ్య మళ్లీ ముద్రించిన ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులు, కొన్ని వచ్చాయని తెలిసి బయల్దేరాను.

ముందు బస సంగతి. అక్కావాళ్ల ఇల్లు చిన్నది. అందుకని స్టేషన్‌కి దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. వేడినీళ్లు మాత్రం పొద్దున్నే వస్తాయి, ఆలస్యంగా లేస్తే లేనట్టే. రోడ్డు వైపు గది తీసుకుంటే రాత్రంతా లారీల హారన్లే కాబట్టి వెనక వైపు అడగండి. సముద్రం కావాలనుకునేవాళ్లు పదహారు కిలోమీటర్ల దూరంలోని గోపాల్‌పూర్‌లో దిగుతారు. నేనూ ఒక రాత్రి అక్కడ గడిపాను. లైట్‌హౌస్, పాత ఓడరేవు గోడలు, తెల్లవారుజామున వలలు లాగే జాలర్లు, అన్నీ చూడదగ్గవే. కానీ రికార్డుల పని మీద వెళ్లేవాళ్లకి ఆ ఊరు వద్దంటాను. ఉప్పుగాలికి, తేమకి అట్టలు బూజు పడతాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీరం దాటింది ఆ గోపాల్‌పూర్ దగ్గరే. ఆ గాలివానలో బావగారింట్లోకీ నీళ్లొచ్చాయట. అప్పటి నుంచి రికార్డులన్నీ మేడమీద గదిలోనే, నిలబెట్టి, గోడకి ఆనకుండా పెడుతున్నారు.

ఆ మేడమీద గదే నా ప్రయాణానికి అసలు మజిలీ. మొదట 1954 నాటి తొలి సినిమా రికార్డు పెట్టారు. దాని సంగీతకర్త అకిరా ఇఫుకుబే. జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో 1914లో పుట్టి, అడవుల శాస్త్రం చదివి, సంగీతం సొంతంగా నేర్చుకున్నవాడు. చిన్నతనంలో విన్న ఐను ప్రజల, అంటే అక్కడి ఆదివాసుల, పాటల ప్రభావం ఆయన మీద చాలా ఉంది. ఒకే చిన్న పలుకుని పట్టుకుని వదలకుండా తిప్పి తిప్పి వాయించే పద్ధతి ఆయనది.

అత్తయ్యగారు, అంటే బావగారి అమ్మగారు, ఒకప్పుడు వీధి పిల్లలకి పాట చెప్పినావిడ. జపాను సినిమా ఒక్కటీ చూడలేదు. టైటిల్ సంగీతం మొదలవగానే తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టారు. కాసేపాగి, “ఇదేదో తొమ్మిది లెక్కలా ఉంది బాబూ. తకధిమి తకతకిట,” అన్నారు. నాలుగూ అయిదూ కలిపిన నడక అది, సరిగ్గా పట్టుకున్నారు. జపాన్‌లో ఆ స్వరాన్ని డో-సి-లా అని పాడుకుంటారు. డోని షడ్జమం అనుకుంటే అది సనిద, సనిద, సనిదపదనిసనిద. ఆవిడ వెంటనే పాడి చూపించారు. ఈ సంగీతం గురించి నేను ఎన్నో వ్యాసాలు చదివాను గానీ, దాని కట్టుబడి నాకు అర్థమైంది ఆవిడ తొడ మీద వేసిన దెబ్బల్లోనే. మృదంగం నేర్చుకున్నవాళ్లెవరైనా ఈ రికార్డు ఒక్కసారి వినాలి.

ఇంకో విశేషం, తొలి సినిమాలో ఆ బాణీ రాకాసిది కాదు. దాన్ని ఎదిరించే సైన్యానికి తోడుగా వస్తుంది. కాలక్రమంలో గాడ్జిల్లాదే అయిపోయింది. గాడ్జిల్లా అరుపూ సంగీత వాయిద్యంలోంచే పుట్టింది. డబుల్ బేస్ అనే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం తీగని వదులు చేసి, రాళం పూసిన తోలు గ్లవ్‌తో రుద్ది ఆ ధ్వని తీశారు.

కొనేవాళ్లకి నా మాట. 1954 నుంచి 1975 వరకూ వచ్చిన పదిహేను సినిమాల సంగీతాన్నీ వాక్స్‌వర్క్ రికార్డ్స్ అనే కంపెనీ వాళ్లు ఒకే పెద్ద పెట్టెలో తెచ్చారు. చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. అయినా మొదటిసారి కొనేవాళ్లు విడి ఆల్బమ్‌లతో మొదలుపెట్టడమే మంచిది. 1954 తప్పనిసరి. తర్వాత మసారు సాతో అనే సంగీతకర్త చేసిన 1966, 1967 సినిమాలు. దీవుల కథలు కాబట్టి సంగీతం తేలిగ్గా, జాజ్ ఛాయలతో సాగుతుంది, ఇఫుకుబే బరువుకి పూర్తి విరుద్ధం. రీచిరో మనాబే సంగీతం చేసిన 1971 హెడోరా సినిమా రికార్డు కొందరికి చెవికెక్కదు. కాలుష్యంలోంచి పుట్టిన రాకాసికి అలాంటి ముతక ధ్వనే తగిందని నా అభిప్రాయం. బడ్జెట్ తక్కువైతే జీఎన్‌పీ క్రెసెండో అనే కంపెనీ 1998లో తెచ్చిన రెండు సీడీలు పాతవాటిలో దొరుకుతుంటాయి, వెతకండి. జపాన్ ముద్రణ కొంటే అట్ట పక్కన చుట్టే కాగితపు పట్టీ, ఓబీ, ఉందో లేదో అడగండి. అది పోతే విలువ తగ్గిపోతుంది.

పార్సిళ్ల విషయానికొస్తే, ఒక కొరియర్ సంస్థ బావగారికి పెట్టె మూల నలిపేసి ఇచ్చింది. తపాలాలో వచ్చినవి ఆలస్యమైనా బాగానే వచ్చాయి. కస్టమ్స్ సుంకం అందుకునేటప్పుడు కట్టాలి కాబట్టి డబ్బు సిద్ధంగా ఉంచుకోవాలి. అమ్మేవాళ్లకి ముందే రాసి, రికార్డుని అట్టలోంచి తీసి విడిగా కవర్లో పెట్టమంటే దారిలో అట్ట అంచులు చీలవు.

ఒక పూట మిగిలితే తప్తపాణి వేడినీటి బుగ్గకో, చిలికా ఒడ్డున రంభకో వెళ్లొచ్చు. నాకు రంభ నచ్చింది, సరస్సుకి ఎదురుగా ఒడిశా పర్యాటక శాఖ వాళ్ల అతిథి గృహం పంథనివాస్ ఉంది. వచ్చేటప్పుడు బరంపురం అప్పడాలు, పచ్చళ్లు కొనుక్కోండి. రికార్డులతో పాటు ఒకే సంచిలో మాత్రం పెట్టొద్దు, నూనె కారితే అట్ట పాడవుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు 2023లో వచ్చిన గాడ్జిల్లా మైనస్ వన్ సినిమా రికార్డు తీసుకెళ్తానని అత్తయ్యగారికి చెప్పాను. దాని సంగీతకర్త నవోకి సాతో అందులో ఇఫుకుబే పాత బాణీని మళ్లీ వాడాడు. దాని లెక్క ఎలా వేస్తారో వినాలని ఉంది.