కాకినాడలో రగ్బీ ఆటగాడి కామెంటరీ క్లాసు: 1,500 పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, డబ్బులు దండగ కాలేదు. కాకపోతే ఇన్‌స్టాలో నిర్వాహకులు వేసిన పోస్టరు చూసి రెండు రోజుల్లో కామెంటేటర్ అయిపోదామని వెళ్తే మాత్రం ఏడుపే. భానుగుడి జంక్షన్ దగ్గర ఒక మేడ మీద హాల్లో శని, ఆదివారాలు పెట్టారు. ఫీజు 1,500, మధ్యాహ్నం భోజనంతో కలిపి. అమలాపురం వైపు వాళ్లు ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వస్తే టైముకి హాయిగా అందుకోవచ్చు, నేనూ అలాగే వెళ్లాను. నిర్వాహకుల పేరు మాత్రం రాయను, కింద వాళ్లని కాస్త తిట్టాల్సి ఉంది.

మా ఊళ్లో సంక్రాంతి కబడ్డీ పోటీలకి మైకు నా చేతికే ఇస్తారు. అక్కడ కామెంటరీ అంటే సగం చందాలిచ్చిన దాతల పేర్లు చదవడం, మిగతా సగం "అద్భుతం, అమోఘం" అని గొంతు చించుకోవడం. ఇంతకంటే పద్ధతిగా చెప్పడం నేర్పిస్తారేమోనని చేరాను. పోస్టరు మీద క్రికెట్ బ్యాటు బొమ్మ వేశారు గానీ, తీరా చూస్తే పాఠం చెప్పడానికి వచ్చినాయన రగ్బీ సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురే ఉండే రగ్బీ, ఆడినవారు. "రగ్బీ ఏంటండీ బాబూ, మనకెందుకది?" అని నా పక్కన కూర్చున్న రామచంద్రపురం కుర్రాడు పైకే అనేశాడు. ఆయన విని నవ్వి ఊరుకున్నారు.

ఆయన ఖరగ్‌పూర్ తెలుగువారు, రైల్వే పని కోసం తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వెళ్లిపోయిన కుటుంబం. తెలుగు బాగానే మాట్లాడతారు, అక్కడక్కడా బెంగాలీ యాస తగులుతుంది. మొదట ఫుట్‌బాల్ ఆడేవారు, పరుగు బాగుందని ఎవరో కోల్‌కతాలో రగ్బీకి లాక్కెళ్లారట. రాష్ట్ర జట్టులో వింగ్ (మైదానం అంచున పరిగెత్తే స్థానం) ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ దిగారు గానీ, వేగంగా వెళ్తూ ఠక్కున పక్కకి తిరగాలంటే ఆ కాలు మీద భయం పోలేదు. గ్రౌండు వదిలి ఉండలేక లోకల్ టోర్నమెంట్లలో స్కోరు అనౌన్స్ చేయడం మొదలుపెడితే, అక్కణ్నుంచి యూట్యూబ్ లైవులు, తర్వాత హిందీ కామెంటరీ. ఉద్యోగం మాత్రం వదల్లేదు. "రోజుకింత అని ఇస్తారు, అదీ ఆట ఉన్న రోజుకే" అని మొదటి గంటలోనే మొహమాటం లేకుండా చెప్పేశారు. అక్కడే నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్తాను. 15 మంది ఆడే రగ్బీ 80 నిమిషాలు. సెవెన్స్ సగానికి 7 చొప్పున 14 నిమిషాలే, కానీ మైదానం అదే. పదిహేను మంది కాసే చోటు ఏడుగురు కాయాలి కాబట్టి ఎక్కడో ఒక పక్క ఖాళీ ఉండి తీరుతుంది, ఆటంతా ఆ ఖాళీ కోసమే. ఎదుటి జట్టు వైపు చివరి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు, ఆ తర్వాత కిక్ కూడా గోల్ స్తంభాల మధ్య నుంచి వెళ్తే ఇంకో 2. ఎల్లో కార్డు వస్తే 2 నిమిషాలు బయట కూర్చోవాలి, అంటే మ్యాచ్‌లో ఏడో వంతు ఆరుగురితోనే నెట్టుకురావాలి. పైగా ఇక్కడ పాయింట్లు కొట్టిన జట్టే మళ్లీ కిక్ ఆఫ్ చేస్తుంది, అంటే బంతిని తన్ని ఆట మళ్లీ మొదలుపెడుతుంది, పెద్ద రగ్బీలో దీనికి రివర్సు. మైకు దగ్గరున్నవాడు ట్రై పడిందని సంబరపడుతూ కూర్చున్నాడంటే ఈలోగా తర్వాతి బంతి గాల్లోకి లేచిపోతుంది. 1883లో స్కాట్లాండ్‌లోని మెల్రోజ్‌లో, మాంసం కొట్టులో పనిచేసే నెడ్ హేగ్ అనే ఆటగాడు తన క్లబ్బుకి నాలుగు డబ్బులు వస్తాయని పెట్టిన ఆట ఇది. 2016 నాటికి ఒలింపిక్స్‌కి ఎక్కింది.

ఫీజు గిట్టుబాటైంది శనివారం టీ తర్వాత. ప్రొజెక్టర్ మీద 2016 రియో ఒలింపిక్స్ సెవెన్స్ ఫైనల్ పెట్టారు, ఫిజీకీ గ్రేట్ బ్రిటన్‌కీ. సౌండు తీసేసి రామచంద్రపురం కుర్రాడి చేతికి మైకు ఇచ్చి, ఆయన బోర్డు పక్కన మార్కర్ పట్టుకుని నిలబడ్డారు. ఫిజీ కెప్టెన్ ఒసేయా కొలినిసావు మొదటి ట్రై కొట్టాడు. కుర్రాడు ఐపీఎల్ సిక్సరు పడ్డట్టు కేకలు పెట్టాడు. వాడు "అద్భుతం" అన్నప్పుడల్లా ఆయన బోర్డు మీద ఒక గీత గీస్తున్నారు. హాఫ్‌టైముకి స్కోరు 29-0, బోర్డు మీద గీతలు కూడా దాదాపు అన్నే. హాలంతా ఒకటే నవ్వు, వాడూ నవ్వేశాడు.

తర్వాత అదే క్లిప్పు వెనక్కి తిప్పి ఆయన మొదలుపెట్టారు. కొన్ని సెకన్లు అసలేమీ మాట్లాడలేదు, మైకు పోయిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా "ఎడమ పక్క బ్రిటన్ వాళ్లు ముగ్గురే ఉన్నారు" అన్నారు. రెండు పాసుల్లో బంతి అక్కడికే వెళ్లింది. "బంతిని కెమెరా ఎలాగూ చూపిస్తుంది బాబూ, నువ్వు బంతి లేనివాళ్లని చూడు" అని వాడితో అన్నారు. ఇది వింటున్నంతసేపూ నాకు మా కబడ్డీయే గుర్తొచ్చింది. రెయిడ్ 30 సెకన్లు, ఆ 30 సెకన్లూ మనం రెయిడర్ పేరే జపం చేస్తాం, కార్నర్‌లో ఉన్నవాడు చీలమండ పట్టుకోవడానికి ఎప్పుడు వంగుతున్నాడో ఒక్కరమూ చెప్పం. రగ్బీ మీద మీకు ఇంట్రెస్టు లేకపోయినా ఈ ఒక్క సెషన్ కోసం వెళ్లొచ్చు.

ఆయన సంచిలోంచి తీసిన అట్టముక్కలు కూడా చెప్పుకోవాలి. జట్టుకొకటి. జెర్సీ నంబరు, పేరు, ఆ పేరు ఎలా పలకాలో పక్కన తెలుగులో, ఏ కాలితో తంతాడు, చివర ఒక్క లైను కథ. దేశాల జట్లు ఏటా ఆడే సెవెన్స్ వరల్డ్ సిరీస్‌లో 16 జట్లు ఉండే రోజుల్లో జట్టుకి 12 మంది చొప్పున 192 పేర్లు, మొదటి రోజే 24 మ్యాచ్‌లు, ఒకదాని వెనక ఒకటి, కామెంటేటర్‌కి ఊపిరి తీసుకునే టైము కూడా ఉండదు. ఫిజీ అట్ట నేను చేతిలోకి తీసుకుని చూశాను. ఇంగ్లీషులో సవెనాకా అని చదివేలా ఉన్న పేరు పక్కన 'సవెనాథా' అని ఎర్ర పెన్నుతో రాసుకున్నారు. కింద కథ: "దేశానికి మొదటి ఒలింపిక్ పతకం. 43-7. ఈ గెలుపు గుర్తుగా 7 డాలర్ల నోటు అచ్చేశారు." 1903 తర్వాత మన గోదావరి జిల్లా నుంచి కూడా ఫిజీ చెరుకు తోటలకి కూలీలుగా ఓడెక్కి వెళ్లారు కదా, తెలుగులో ఈ మ్యాచ్ చెప్పేవాడికి అంతకంటే మంచి లైను ఏముంటుందని అడిగాను. ఆయన వెంటనే అట్ట వెనక రాసుకున్నారు. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది.

ఆడి మానేసి మైకు పట్టినవాళ్ల క్లిప్పులు ఆదివారం పొద్దున వేశారు. ఇంగ్లాండ్ సెవెన్స్ కెప్టెన్‌గా చేసిన రాబ్ వికర్‌మన్, న్యూజిలాండ్‌కి ఆడిన కార్ల్ టె నానా, దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాకి ఆడిన డాలెన్ స్టాన్‌ఫర్డ్. ముగ్గురూ గ్రౌండులో ఆయాసపడినవాళ్లే కాబట్టి రెండో సగంలో డిఫెండర్ ఎందుకు ఆలస్యంగా లేస్తున్నాడో తేలిగ్గా చెప్పగలరని ఆయన మాట. అయితే ఒక తిరకాసు కూడా చెప్పారు: ఆడినవాళ్లకి ఆట మరీ ఎక్కువ తెలుసు, చూసేవాళ్లకి కూడా తెలుసనుకుని సగం మింగేస్తారు. నిజమే, ఆయన కూడా అప్పుడప్పుడు మింగేశారు, రక్ (నేల మీదున్న బంతి కోసం రెండు జట్లవాళ్లూ దాని మీదుగా నిలబడి నెట్టుకోవడం) అంటే ఏమిటో మేం అడిగితేగానీ చెప్పలేదు.

ఇక తిట్లు. ఇంతమందికి ఒక్కటే మైకు, అది కూడా గుయ్యిమంటూనే ఉంది. ప్రాక్టీసు అందరికీ రాలేదు, ముందు వరసలో కూర్చున్నవాళ్లకే దక్కింది. పోస్టరులో రాసిన "మీ వాయిస్ రికార్డింగ్ మీకే" అన్న మాట ఎవరికీ గుర్తులేదు, అడిగితే వాట్సాప్ చేస్తామన్నారు, ఇంతవరకూ రాలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని పక్కన కూర్చోబెట్టి ఇంకెవరినో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ అంటూ స్టేజీ ఎక్కించారు. అద్దం ముందు నిలబడి నేను గెలుస్తాను అనుకోవాలట! గోంగూర పచ్చడితో అంత భోజనం పెట్టి ఈ ఉపన్యాసం పెడితే ఎవరు మెలకువగా ఉంటారు? ఆ తర్వాత సర్టిఫికెట్లు, ఫొటోలు, ఒక్కొక్కరికీ శాలువా, బస్సు టైము దాటిపోతోందని టెన్షన్.

అవకాశాల సంగతి కూడా నిర్వాహకులు ఊదరగొట్టారు, దాన్ని సగానికి తగ్గించుకుని వినండి. రగ్బీ ప్రీమియర్ లీగ్ 2025లో ముంబైలో మొదలైన మాట నిజం, ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. అక్కడ నాలుగు నిమిషాల క్వార్టర్లు నాలుగు, అంటే కామెంటేటర్‌కి వివరించడానికి మధ్యలో కాస్త టైము దొరుకుతుంది. అయినా తెలుగు రగ్బీ కామెంటరీ మీద ఇల్లు గడవదు, ఆయనే చెప్పారు. కబడ్డీ, వాలీబాల్, ఆత్రేయపురం పడవ పోటీలు, వీటికి మాత్రం ఈ క్లాసు నేరుగా పనికొస్తుంది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ మూడూ ఆయనకే, అర గోంగూరకి. తర్వాతి బ్యాచ్ రాజమండ్రిలో అంటున్నారు. చేరేముందు ఫోన్ చేసి ఈయనే వస్తున్నారా, ఏ పూటలు చెప్తున్నారో కనుక్కోండి. ముందు వరసలో కూర్చోండి, మీ ఫోన్లో మీరే రికార్డు చేసుకోండి. ఆదివారం భోజనం అయ్యాక అద్దం ఉపన్యాసం మొదలైతే నిశ్చింతగా బస్సెక్కేయండి, సర్టిఫికెట్ పోస్టులో పంపిస్తారట.