చలికి ఆగిపోయిన బెండను కాపాడుకోవడమా, పీకేసి మెంతులు చల్లడమా? ఏది మేలు?

డిసెంబర్ వచ్చిందంటే మిద్దె తోట ఉన్నవాళ్లందరికీ ఇదే టెన్షన్. కార్తీకం దాకా బాగా కాసిన బెండ ఆగిపోతుంది, టమాటా పూత పూసినట్టే పూసి రాలిపోతుంది, కరివేపాకు పసుపెక్కుతుంది. బలం చాలడం లేదేమోనని ఇంకో రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) వేస్తాం. లోపం మట్టిలో ఉంటే కదా, వేస్తే పనిచేయడానికి! అసలు కారణం రాత్రి చలి. ఇక్కడ మన ముందు రెండు దారులు ఉన్నాయి. ఉన్న మొక్కలను కప్పి కాపాడుకుంటూ, ఎండలు వచ్చేదాకా లాక్కురావడం ఒకటి, వాటిని తీసేసి చలికి పండేవి వేసుకోవడం రెండోది. నా మాట ముందే చెప్పేస్తాను, రెండోదే మేలు. మిరప, వంగ, కరివేపాకు లాంటి కొన్నింటి సంగతి మాత్రం వేరు, అది తర్వాత చెప్తా.

ముందు చలి లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో జనవరి రాత్రులు మామూలుగా 14, 15 డిగ్రీల దగ్గర ఉంటాయి, చలిగాలులు వీచే రోజుల్లో 10 కంటే కిందికి కూడా పడతాయి, అందులోనూ పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు నగరం నడిబొడ్డు కంటే చలి ఎక్కువ. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వాళ్లకైతే 5, 6 డిగ్రీలు కూడా కొత్త కాదు. టమాటాకు రాత్రి 13 డిగ్రీల కంటే తగ్గితే పుప్పొడి సరిగా పనిచేయదు, పూత నిలవదు. బెండ అంతకంటే ముందే నీరసిస్తుంది. పైగా మిద్దె మీద గ్రో బ్యాగుకు, అంటే మొక్కలు పెంచే సంచికి, నాలుగు వైపులా గాలి తగులుతుంది కాబట్టి, పెరట్లో నేల మీదున్న మొక్క కంటే దీని వేళ్లకు చలి ఎక్కువ.

ఇప్పుడు కప్పి కాపాడే దారి. ప్లాస్టిక్ షీటా, పాత చీరా అని చాలామంది అడుగుతారు. ప్లాస్టిక్ గాలిని బాగా ఆపుతుంది, మంచుకు తడవదు, కానీ తెల్లారేసరికి లోపలంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు ఉంటాయి, ఆ తడి ఆకుల మీదే ఉండిపోతే తెగుళ్లు వస్తాయి, ఎండ ఎక్కాక కూడా తీయడం మర్చిపోతే ఆకులు ఉడికిపోతాయి. నూలు చీరకు ఆ బాధ లేదు, కాకపోతే మంచుకు తడిసి బరువెక్కి కొమ్మల మీద వాలిపోతుంది. నాలుగు కర్రలు పాతి, ఆకులకు తగలకుండా పందిరిలా చీర కప్పడమే నయం. ఏదైనా సాయంత్రం పొద్దు వాలేలోపే కప్పాలి, పొద్దున ఎండ రాగానే తీయాలి. ఉద్యోగాలకు పరిగెత్తే ఇంట్లో రెండు నెలలు ఈ పని రోజూ ఎవరు చేస్తారు? చేసినా ఏం దక్కుతుంది? చలిలో కాసిన బెండకాయను ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడండి. వేలెడు పొడవు కూడా రాకముందే కొక్కెంలా వంగి ఉంటుంది, కొన విరిస్తే టక్కున విరగదు, పీచు సాగుతుంది. మెల్లగా ఎదిగిన కాయ లేతగా ఉండే వయసులోనే ముదిరిపోతుంది మరి. అలాంటి నాలుగు కాయల కోసం ఇంత చాకిరీ దండగ.

అదే సంచిలోని బెండ మొక్క పీకేసి, మట్టి గుల్ల చేసి, గుప్పెడు మెంతులు చల్లితే వారంలోపే మొలకలు కనిపిస్తాయి, నెల తిరిగేసరికి పప్పులోకి కూర వస్తుంది. పాలకూరా అంతే, దాన్ని వేళ్లతో పీకకుండా కత్తిరించుకుంటే మళ్లీ మళ్లీ ఇస్తుంది. కొత్తిమీరకు ధనియాలను రెండు బద్దలుగా నలిపి వేయాలి, చలికి మొలక ఆలస్యమవుతుంది, పది రోజులైనా రాలేదని తవ్వేయకండి. ముల్లంగి నెలన్నరలో చేతికొస్తుంది. క్యారెట్‌కు అడుగు లోతు సంచి, ఓపిక రెండూ కావాలి, నారు తీసి నాటితే గడ్డ వంకర్లు పోతుంది, విత్తనం వేసిన చోటే పెరగనివ్వాలి. కాలీఫ్లవర్ మాత్రం డిసెంబర్ చివర్లో మొదలుపెట్టొద్దంటాను. దసరా, దీపావళి మధ్య నారు పోసుకున్నవాళ్లకే అది, ఇప్పుడు వేస్తే పువ్వు కట్టే వేళకు మార్చి ఎండలు తగులుకుంటాయి.

ఇక పాదు చిక్కుడు ఉన్నవాళ్లు దాన్ని అసలు ముట్టుకోవద్దు. పగటి పొద్దు తగ్గితేనే పూతకొచ్చే మొక్క అది, సంక్రాంతికి గుత్తులు గుత్తులుగా కాసేది అందుకే. రథసప్తమికి రథం చేయడానికి కాయలు, నైవేద్యానికి ఆకులు కూడా మన పాదు నుంచే కోసుకోవచ్చు, ఆ తృప్తే వేరు. దీనికి చలికాలంలో పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగుల గండం ఒక్కటి ఉంది. లేత చివర్లలో నల్లగా కనిపించగానే పొద్దున పూట పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి, బాగా పట్టేసిన కొమ్మను తుంచి పారేయండి, మందు దాకా పోకముందే చాలావరకు తగ్గుతుంది.

మొదట్లో వేరే అన్నానే, మిరప, వంగ, కరివేపాకు. వీటిని పీకొద్దు, కాయించాలనీ చూడొద్దు. కరివేపాకు ఆకు రాల్చినా చచ్చిపోలేదు, ఎదుగుదల ఆపుకుంది అంతే. ఎరువు ఆపేసి నీళ్లు తగ్గించి, సంచిని మధ్యాహ్నం ఎండ పడే పిట్టగోడ వారకు జరపండి, పగలంతా వేడెక్కిన గోడ పొద్దుపోయాక కూడా కాస్త వెచ్చదనం ఇస్తుంది. నా దృష్టిలో చీర కప్పాల్సింది ఏమైనా ఉంటే వీటికే, అదీ చలి మరీ ముదిరిన రాత్రుల్లోనే. వంగ, మిరపను ఇప్పుడు నరక్కండి, చలి విరిగాక ముదురు కొమ్మలు కత్తిరించి ఎరువు వేస్తే కొత్త చిగుళ్లతో మళ్లీ కాపుకొస్తాయి.

నీళ్ల విషయంలో సాయంత్రమా, పొద్దునా అని సందేహమే అక్కర్లేదు, పొద్దునే. అదీ ట్యాంకులో నీళ్లు మంచులా ఉండే ఆరింటికి కాదు, ఎండ పడ్డాక. ఎండాకాలం అలవాటు కొద్దీ రోజూ పోయకండి, మట్టిలో రెండంగుళాల లోతుకు వేలు పెట్టి, పొడిగా తగిలితేనే పోయండి.

ఫిబ్రవరిలో రాత్రులు వెచ్చబడ్డాక మెంతి, ముల్లంగి ఖాళీ చేసిన సంచుల్లోనే బెండ, బీర, గోంగూర విత్తుకోండి. డిసెంబర్‌లో కప్పి కాపాడిన బెండ అప్పటికి ఇంకా తేరుకుంటూనే ఉంటుంది, కొత్తగా వేసిన విత్తనం దాన్ని దాటేస్తుంది.